తురుము సబ్బు

సబ్బుల గది,
వానలు మొదలయ్యాక

మరువం పిల్లకి,

నువ్వు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో గుర్తుందా? కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చూపు సరిచేస్తావు, సొంత అక్క మాత్రం నీ కంటికి ఆనదు. సరే, తిట్లు తర్వాత తిడతాను.

వానలకు సబ్బులు ఆరడం లేదు. ఉప్పు సబ్బు సంగతి నీకు తెలుసుగా, మహా మొండిఘటం. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి తిప్పి, చిక్కబడ్డాక ఉప్పు కలిపి అచ్చులో పోస్తే, గోరువెచ్చగా ఉండగానే కోసెయ్యాలి. మొన్న పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి తన కోడలి మీద మొదలుపెట్టింది. నేనూ ఊ కొట్టాను. లోపలికి వచ్చేసరికి దిమ్మంతా బండరాయి. కత్తి పెడితే పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అమ్మ ఉంటే "నోరాడితే చెయ్యాగిపోతుందే నీకు" అని దులిపేసేది. తిట్టే మనిషి లేకపోతే పని పాడుచేసినా తృప్తిగా ఉండదు.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. స్నానాల గది గోడకి మన నాలుగు గూళ్ళూ అలాగే ఉన్నాయి. నాన్న నిమ్మగడ్డి సబ్బు గూడు ఖాళీ. అమ్మది ఖాళీ. నా వట్టివేరు సబ్బు నేను రోజూ వాడుతున్నాను. నువ్వొస్తే వాడుకుంటావని నీ గూట్లో కొత్త మరువం బిళ్ళ పెట్టి చాలా రోజులైంది. ఈ వారం నుంచి పొద్దున్నే చూస్తే అది తడిగా ఉంటోంది. తడి అంటే చెమ్మ కాదు. మీద నురుగు కూడా ఉంటోంది, నేను చూస్తుండగానే బుడగలు చిట్లిపోతున్నాయి.

నేను ముట్టుకోలేదు. ఒకరి సబ్బు ఒకరు ముట్టుకోకూడదన్న అమ్మ చట్టం నేను ఏనాడూ తప్పలేదు. తప్పినదానివి నువ్వే.

నువ్వు బాగానే ఉన్నావు కదా?

అక్క


మూడో అంతస్తు గది,
దుకాణం సెలవు రోజు

వట్టివేరు అక్కకి,

ఉప్పు సబ్బుకి వానాకాలం చెమటలు పడతాయని నాకు చిన్నప్పుడు చెప్పింది ఎవరమ్మా? గాల్లో తడిని ఉప్పు పీల్చుకుంటుందని పెద్ద పంతులమ్మలా పాఠం చెప్పావు. ఇప్పుడు నువ్వే భయపడుతున్నావు. నురుగు సంగతంటావా, తల రుద్దుకుంటూ కళ్ళు మూసుకుని పక్క గూట్లో చెయ్యి పెట్టి ఉంటావు. అమ్మ చట్టం నువ్వూ తప్పావన్నమాట. నా మనసు కుదుటపడింది.

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, దుకాణం యజమానితో పోట్లాడుతున్నాను. నువ్వే అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కదానివే ఆ అచ్చులతోనూ సీసాలతోనూ మాట్లాడుకుంటున్నావు. కొన్నాళ్ళు తాళం వేసి నా దగ్గరికి రా. ఇక్కడ గది ఇరుకే కానీ మనుషుల గోల ఉంటుంది.

ఒక తమాషా చెప్పనా? మొన్న ఒక పెద్దాయన ముక్కు మీద కళ్ళద్దాలు సరిచేస్తుంటే, "అమ్మాయ్, మరువం పెట్టుకున్నావా?" అన్నాడు. నేను వాడేది బజార్లో కొన్న సబ్బు. దానికి ఏ వాసనా ఉండదు. ముసలాయనకి చూపుతో పాటు ముక్కు కూడా పోయిందనుకుని నవ్వుకున్నాను.

నీ చెల్లి


సబ్బుల గది,
ముసురు పట్టిన మధ్యాహ్నం

చెల్లీ,

నవ్వింది చాలు. ఇది చదివి నవ్వగలిగితే నవ్వు.

గాల్లో తడేనన్నావు కదాని నీ బిళ్ళని గూట్లోంచి తీసి, శుభ్రంగా తుడిచి, పైన అటకపలక మీద పెట్టాను. అక్కడ ఆరబెట్టిన సబ్బుల మధ్యలో పెట్టాను. అన్నీ ఒకే ఉప్పు, ఒకే నూనె, ఒకే గాలి. మర్నాడు చూస్తే చుట్టూ ఉన్నవి గలగలలాడుతూ పొడిగా ఉన్నాయి. నీ ఒక్కటి మాత్రం నీళ్ళోడుతోంది. దాని మీద నాలుగు గీతలు ఉన్నాయి. ఎడమ నుంచి ఏటవాలుగా, పక్కపక్కనే.

ఆ గీతలు నీకు తెలుసు. ఆకులు దూసి, నూనెలో నానేసి వచ్చాక అమ్మ గోళ్ళలో పసరు ఇరుక్కునేది. ఎడమచేతి గోళ్ళతో సబ్బుని గీరి కడుక్కునేది. ఆవిడ సబ్బు మీద ఎప్పుడూ అవే నాలుగు చాళ్ళు. వాటిలో వేళ్ళు పెట్టి చూశాను. వెంటనే చెయ్యి లాగేసుకున్నాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నాన్న పని చేస్తూ చేస్తూ కూలిపోయి పోయారు కదా, అప్పుడు ఆయన సబ్బు సగం మిగిలే ఉంది. అది ఎవరూ వాడకుండానే రోజురోజుకీ అరిగిపోయింది. అమ్మని అడిగితే, "ఆయనకి స్నానం ఎప్పుడు తెమిలింది గనక? ఉండనీ" అంది, కూర తరిగినంత మామూలుగా. అది అయిపోయాక అమ్మ సబ్బు మీద బొటనవేలంత గుంట పడడం మొదలైంది. నాన్న సబ్బు పట్టుకునే తీరు అది. అప్పటికి అమ్మకి జలుబు కూడా లేదు. ఆ తర్వాతే మంచం పట్టింది. సబ్బు పలచబడుతున్న కొద్దీ ఆవిడా పలచబడింది. అది చివరి రేకు అయి నీళ్ళలో కలిసిన రోజే అమ్మ పోయింది.

ఇన్నాళ్ళూ ఇదంతా నా పిచ్చి అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీ సబ్బు అరుగుతోంది. నీ ఒంట్లో ఎలా ఉంది? అబద్ధం రాశావంటే వచ్చి చెంప పగలగొడతాను.

అక్క


మూడో అంతస్తు గది

అక్కా,

చెంప పగలగొట్టు. మెడ జోలికి మాత్రం రాకు.

మెడ పక్కన గడ్డ ఉంది. నిమ్మకాయంత ఉంది. నొప్పి లేదని కొన్నాళ్ళు పట్టించుకోలేదు. పెరుగుతోందని చూపించుకుంటే, కోసి తీసి పరీక్షకి పంపాలన్నారు. అది ఎలాంటిదో తీశాకే తెలుస్తుందట. ఆపరేషన్‌కి రోజు ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. అమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు, నీకు ఇంకో పిడుగు ఎందుకని చెప్పలేదు. తప్పయితే తిట్టు, కానీ ఉత్తరంలో తిట్టు. ఎదురుగా తిడితే ఏడుస్తాను.

నీ ఉత్తరం చదివాక నేను దాచిన రెండోది కూడా చెప్పేస్తాను. పొద్దున లేచేసరికి నా మెడ తడిగా ఉంటోంది. చెవి వెనకాల, గడ్డ మీద, మెడ మడతల్లో. చెమట కాదు. చర్మం బిగుసుకుని, నాలుక తగిలితే ఉప్పగా, అచ్చం ఉప్పు సబ్బుతో రుద్ది కడిగినట్టు ఉంటోంది. చిన్నప్పుడు అమ్మ మన చెవుల వెనక మట్టి వదలగొట్టేది చూడు, చర్మం ఎర్రబడేదాకా, అలా. దిండంతా మరువం వాసన.

అక్కా, నాకు భయం వెయ్యడం లేదు. హాయిగా ఉంటోంది. పొద్దున్నే లేవాలనిపించడం లేదు, ఇంకాసేపు రుద్దితే బాగుండనిపిస్తోంది. అదే నన్ను భయపెడుతోంది.

నీ చెల్లి


సబ్బుల గది,
వాన తెరిపి ఇచ్చిన పూట

నా పిచ్చి తల్లీ,

ఏడ్చాను, తిట్టాను, రెండూ అయిపోయాయి. గడ్డ నిమ్మకాయంత అయ్యేదాకా నోరు కుట్టేసుకున్నావు. ఆపరేషన్ రోజు తెలియగానే రాయి, రెక్కలు కట్టుకుని వాలతాను. ఇప్పుడే రాలేను. ఎందుకో చెబుతాను విను.

నాకు ఒకటి అర్థమైంది. నాన్న సబ్బు అయిపోయాక ఆయనకి అమ్మ కొత్తది చెయ్యలేదు. పోయినవాళ్ళకి ఎవరు చేస్తారు? తనది లేక ఆయన అమ్మది వాడుకున్నారు. అలా అమ్మది ఆవిడ బతికుండగానే అయిపోయింది. ఇప్పుడు అమ్మకీ తనదంటూ లేదు. అందుకే నీది తీసుకుంటోంది. నీకు చెడు చెయ్యాలని కాదు. చిన్నకూతురు ముద్దు కదా, పోయాక కూడా నా గూడు దాటి నీ గూటి దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళు ఆవిడ పక్కన నిలబడి కాస్టిక్ పొగ పీల్చింది నేను. నా సబ్బు వైపు చూడను కూడా చూడలేదు. ఇలాంటప్పుడు కూడా నాకు ఈ కుళ్ళు ఏమిటో చూడు.

అమ్మకి అమ్మ సబ్బు చేసి ఆవిడ గూట్లో పెడితే నీది వదిలేస్తుంది. నా నమ్మకం అది. కానీ ఆవిడ సబ్బులో ఏ ఆకు పడేదో నాకు తెలియదు! ఇంట్లో అందరికీ అన్నీ కలిపి ఇచ్చినదాన్ని, ఆవిడది మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. తనది తనే చేసుకునేది. ఆ వాసన ముక్కులో ఉంది కానీ పేరు నాలుక మీదికి రావడం లేదు. ఒకసారి వట్టివేరు అనిపించేది, ఒకసారి నిమ్మగడ్డి, ఎండలో నిలబడితే ఇంకేదో.

లావెండర్ వేసి చేసి పెట్టాను. ముట్టుకోలేదు, దుమ్ము పట్టింది. నీలగిరి ఆకు వేసి పెట్టాను, అదీ అంతే. పుదీనాది పెట్టాను. పొద్దున చూస్తే గూట్లో లేదు. ఎదురు గోడ కింద నాలుగు చెక్కలై పడి ఉంది. విసిరికొట్టినట్టు ఉంది. అమ్మకి కోపం వస్తే గిన్నెలు అలాగే ఎగిరేవి.

నీ బిళ్ళ మళ్ళీ నీ గూట్లోనే పెట్టాను, సగమైంది. నీకేమైనా గుర్తుందా? ఏ చిన్న సంగతైనా రాయి. ఆలస్యం చెయ్యకు.

అక్క


మూడో అంతస్తు గది

అక్కా,

నాకు తెలుసు. నీకు తెలియదని నాకు తెలియదు, అంతే.

నువ్వు దుకాణాలకి సరుకు వెయ్యడానికి వెళ్ళేదానివి చూడు, ఆ పూటల్లో అమ్మ తన సబ్బు చేసుకునేది. నేను పీట మీద కూర్చుని చూసేదాన్ని. మన సబ్బులు కోశాక మీరిద్దరూ అంచులు చెక్కి నున్నగా చేసేవారు కదా, ఆ తురుమంతా ఒక డబ్బాలో దాచేది. నీ వట్టివేరు తురుము, నా మరువం తురుము, నాన్న నిమ్మగడ్డి తురుము. అన్నీ కలిపి, కాసిని వేడినీళ్ళు చిలకరించి, చేత్తో పిసికి ముద్ద చేసి నొక్కేది. అందుకే ఆవిడది మనలా పలకగా ఉండేది కాదు, గుండ్రంగా ఉండేది. గమనించలేదా?

"నీకు నీ ఆకు వద్దా అమ్మా?" అని అడిగాను ఒకసారి. "మీ ముగ్గురి వాసనా నా ఒంటి మీద ఉంటుందే, ఇంకో ఆకెందుకు?" అంది. నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాస్తుంటే అక్షరాలు కనబడటం లేదు. ఇన్ని వాసనలు చేసిన మనిషి, తనకంటూ ఒక్కటి ఉంచుకోలేదు.

నాన్నది ఎలాగూ దొరకదు, నిమ్మగడ్డితో కొత్తది చేసినా అది ఆయనది కాదు. నీదీ నాదీ తురిమి చెయ్యి. ఆపరేషన్‌కి వచ్చే వారం రోజు ఇచ్చారు. గడ్డ ఇంకా పెరిగింది. పొద్దున లేవడానికి చాలా సేపు పడుతోంది అక్కా.

నీ చెల్లి


సబ్బుల గది,
ఎండ వచ్చింది

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముద్ద చేసి, అరచేత్తో నొక్కి, గుండ్రంగా అమ్మ గూట్లో పెట్టాను.

మర్నాడు అది తడిసి ఉంది. నాలుగు గీతలూ దాని మీదే పడ్డాయి. నీ బిళ్ళ ఎండిపోయి ఉంది, ఇప్పుడు గోరుతో కొడితే టకటకమంటోంది. నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి ఏమైందంటే సబ్బు బాగా కుదిరిందని చెప్పాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళింది.

ముద్దలోంచి చిన్న రేకు తీసి ఈ కవర్లో పెట్టాను, వాసన చూసుకో. ఆపరేషన్ ముందురోజుకే నీ దగ్గర ఉంటాను. అక్కడ వంట నాది, నోరు నీది.

అక్క


మూడో అంతస్తు గది

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దునే నా మెడ పొడిగా ఉంది. దిండుకి దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు. గబుక్కున లేచి కూర్చోగలిగాను. అయినా ఏడుపొచ్చింది. అమ్మ రెండోసారి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

కానీ నువ్వు పంపిన రేకు వాసన చూశాను. అందులో వట్టివేరు తప్ప ఇంకేం లేదు. నా మరువం ఏది? "చెప్పినట్టే చేశాను" అని రాశావు. నేను రెండూ కలపమన్నాను.

వచ్చాక మొహం చాటెయ్యకుండా చెప్పాలి.

నీ చెల్లి


మూడో అంతస్తు గది,
కుట్లు తీశాక

అక్కా,

పరీక్ష కాగితాలు ఇవాళే ఇచ్చారు. గడ్డ మంచిదేనట! గడ్డల్లో మంచివి కూడా ఉంటాయని డాక్టరమ్మ నవ్వింది. ఇంక భయం లేదని, మందులు కొన్నాళ్ళు వాడితే చాలని చెప్పింది. నువ్వు బస్సెక్కిన పూటే రావాలా ఈ కబురు? నిన్న వచ్చి ఉంటే ఇద్దరం కలిసి గెంతేవాళ్ళం.

వారం రోజులు నాకు తలదువ్వావు, అన్నం కలిపి పెట్టావు, నర్సులతో నా తరఫున పోట్లాడావు. సబ్బు సంగతి అడిగినప్పుడల్లా మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళిపోయావు. నేనూ గట్టిగా అడగలేదు, అడిగితే ఏం చెబుతావోనని.

ఒకటి మాత్రం అడగకుండా ఉండలేను. చివరి రోజు నా జడ వేస్తుంటే నీ మెడ నా భుజానికి తగిలింది. తడిగా ఉంది. నువ్వప్పటికి స్నానం చెయ్యలేదు, నీళ్ళే రాలేదు ఆ పూట. గదిలో వట్టివేరు వాసన వచ్చింది. నువ్వు కొంగుతో తుడుచుకుని, ఉక్కపోత అన్నావు.

ఇంటికి వెళ్ళాక నీ గూట్లో నీ సబ్బు ఎలా ఉందో చూడు. చూసి నాకు నిజం రాయి.

నీ చెల్లి


సబ్బుల గది

మరువం పిల్లకి,

గడ్డ మంచిదని చదివి, ఆ ఉత్తరం కళ్ళకద్దుకున్నాను. ఇంక నాకు ఏం కావాలి? నిజం అడిగావు, రాస్తాను.

నీ మరువం నేను కావాలనే కలపలేదు. అది కలిపితే ఆ ముద్దలో నువ్వూ ఉంటావు. అది అరుగుతుంటే నీకు ఏమవుతుందో ఎవరికి తెలుసు? నా బిళ్ళ ఒక్కటే, అదీ సగం దాకా తురిమాను. ఎక్కువ తురుము రాలేదు, ముద్ద చిన్నదే అయింది.

వచ్చి తాళం తీసి చూశాను. అమ్మ గూట్లో ముద్ద లేదు, కరిగిపోయి తెల్లటి మరక మిగిలింది. నీ గూట్లో నీ సగం బిళ్ళ పొడిగా, క్షేమంగా ఉంది. నాది తడిగా ఉంది. వారం రోజులు తలుపు తాళం వేసే ఉంది కదా. అయినా మీద నురుగు ఉంది, నాలుగు గీతలు ఉన్నాయి. నా వాసనతోనే ముద్ద చేసి ఆవిడకి నా దారి చూపించింది నేనే.

చాలాసేపు ఆ గది గడప మీద కూర్చున్నాను. భయం వేసింది, దాచను. తర్వాత ఇంకొకటి అనిపించింది. నవ్వకు. సంతోషం వేసింది. ఎప్పుడూ నీ జుట్టే ముందు దువ్వేది, నీ చెవులే ముందు కడిగేది. పొద్దున నా మెడ తడిసినప్పుడు, ఇన్నేళ్ళకి నా వంతు వచ్చిందే అనుకున్నాను. చెవి వెనకాల చర్మం ఎర్రబడేదాకా రుద్దుతోంది. నువ్వన్నది నిజం, హాయిగానే ఉంటుంది.

అరవకు. ఒంట్లో ఇంకా ఏమీ లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అంతే. డాక్టరుకి చూపించుకుంటాను, మాట ఇస్తున్నాను. మళ్ళీ ఇంకో ముద్ద చెయ్యమని రాస్తావు, తెలుసు. దేంతో చెయ్యను? నాది కలిపితే మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. నీది కలపను. ఎన్ని ఉత్తరాలు రాసినా కలపను.

నువ్వు కోలుకోగానే వచ్చెయ్. సబ్బు చెయ్యడం నేర్చుకుందువు గాని. అద్దాలు తుడిచే చేతులకి ఇది కష్టమేం కాదు. కాస్టిక్‌ని నీళ్ళలో వెయ్యాలి, నీళ్ళని కాస్టిక్‌లో పొయ్యకూడదు. ఉప్పు వేశాక ఎవరు పిలిచినా పలకకు, గోరువెచ్చగా ఉండగానే కోసెయ్. నాలాగా కబుర్లలో పడకు.

అంచులు చెక్కిన నా తురుమంతా నీలం మూత డబ్బాలో వేసి పెడుతున్నాను. పారెయ్యకు. అవసరం పడ్డ రోజు దానితో నాకు ఒక ముద్ద చేసి నా గూట్లో పెట్టు. అది అయిపోయేలోగా ఇంకొకటి చెయ్యి. నాన్నకి అమ్మ చెయ్యలేదు, అమ్మకి నేను సమయానికి చెయ్యలేదు. నువ్వు మాత్రం మర్చిపోకు.

నాకు నాది ఉంటే, నీది ముట్టుకోను.

అక్క